నల్ల తీగకు పెట్టిన స్విచ్

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండు మూడేళ్లకు ఆళ్లగడ్డలో మా మామగారింటికి కరెంటు పెట్టించారు. నేను అక్కడి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, కాపురం కూడా అత్తగారింట్లోనే. కరెంటు గురించి నాకు తెలియనిది లేదని ఆ ఇంట్లో అందరి నమ్మకం, నాది కూడా.

వైరింగు చేయడానికి నంద్యాల నుంచి ఒక వైర్‌మన్‌ను పిలిపించారు. ఎనిమిదో తరగతి తప్పినవాడు. మీటరు నుంచి లావు తీగ, దీపాలకు సన్న తీగ, ఎర్రది కరెంటు వచ్చే ఫేజుకు, నల్లది అది తిరిగిపోయే న్యూట్రల్‌కు అని లెక్కగా చేసుకుపోయేవాడు.

"స్విచ్ ఎర్రదానికే పెట్టల్ల సార్" అన్నాడొకసారి.

నేను నవ్వాను. తీగను ఎక్కడ తెంచినా దీపం ఆరుతుందని క్లాసులో ఏటా చూపించేవాణ్ణి. ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లుతో, బఠాణీ గింజంత బల్బుతో.

వంటిల్లు ఒక్కటే మిగిలి ఉండగా తీగలను పట్టీలకు బిగించే క్లిప్పులు అయిపోయి అతను నంద్యాలకు వెళ్లాడు. అతను వచ్చేలోగా మిగిలిన ముక్కలతో వంటింటి పని నేనే చేశాను. ఎర్ర తీగ స్విచ్ దాకా చాలలేదు. దాన్ని నేరుగా దీపానికి ఇచ్చి, నల్లదాన్ని స్విచ్‌కు కలిపాను. దీపం వెలిగింది. మా అత్త సంతోషంగా చేతులు జోడించింది. అతను తిరిగి వచ్చి ఒకసారి చూస్తానంటే, వెలుగుతోంది కదా, అక్కర్లేదన్నాను.

నెల తిరక్కముందే మా అత్త వంటిల్లు కడిగి, స్విచ్ ఆర్పి, తడి తిన్నె మీద వట్టి కాళ్లతో నిలబడి, బల్బు ఊడదీసి ఇత్తడి హోల్డరును తడిగుడ్డతో తుడవబోయింది. ఒక్క కేక వినిపించింది. నేను వెళ్లేసరికి కింద పడి ఉంది. కుడి మణికట్టు విరిగింది. స్విచ్ ఆర్పినా, నేరుగా ఇచ్చిన ఎర్ర తీగ వల్ల హోల్డరులో రెండువందల ముప్పై వోల్టులు ఉన్నాయని నాకు అప్పుడే అర్థమైంది.

మామ వైర్‌మన్‌ను పిలిపించాడు. అతను స్విచ్ విప్పి, నల్ల తీగను చూసి, నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు.

"నేను తీగల కింది చెక్క పట్టీలకు మేకులు కొట్టినా, అంతే. కనెక్షన్లు ఆయప్ప నంద్యాలకు పోకముందే ఇచ్చిపోయినాడు" అన్నాను.

"ఇది నేనిచ్చింది గాదు" అన్నాడతను.

"సదువుకున్న సారు అబద్ధం చెప్తాడా?" అన్నాడు మామ.

అతను తీగలు సరిచేసి, సామాను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డలో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు. మా అత్త చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఎడమ చేత్తో నాకు అన్నం వడ్డిస్తుంటే తలెత్తలేకపోయేవాణ్ణి.

ఏడాది తర్వాత ఉండబట్టలేక మామకు నిజం చెప్పాను. ఆయన "అయిపోయినదానికి ఇప్పుడేల? బయట చెప్పాకు" అన్నాడు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ తర్వాత మరో ఏడాదిన్నరకు నంద్యాలలో, మోటార్లు బాగుచేసే ఒక కొట్టులో అతను కనబడ్డాడు. కాలిపోయిన మోటారుకు కొత్త తీగ చుడుతున్నాడు. దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను.

"ఆయమ్మ చెయ్యి బాగైందా?" అని అడిగాడు.

కాలేదన్నాను.

"ఆ మాట నాకు చెప్తే ఏం లాభం సార్? నాకు తెలిసిందే కదా. మీ మామ ముందర చెప్పల్ల."

"ఆయనకు చెప్పినా. ఏడాది దాటింది."

అతని చేతులు ఆగిపోయాయి. మామకు కూడా తెలుసునని, తెలిసి కూడా ఊరికి ఒక్క మాట చెప్పలేదని అతను అనుకొని ఉండడు. కాసేపటికి మళ్లీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ఎన్ని చుట్లు వచ్చాయో మరిచిపోయినట్టున్నాడు, విప్పి మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"పక్కకు జరగండి సార్, వెలుతురుకు అడ్డమొస్తాండారు" అన్నాడు.

జరిగాను. తర్వాత ఆళ్లగడ్డ బస్సెక్కాను. దిగాక కూడా ఎవరికీ చెప్పలేదు.