చర్చిలో కొత్త మిషనూ, అక్క గొంతూ

మొబైల్‌కి గ్లాసు అతికించడం వచ్చినవాడికి చర్చి మైకు సంగతి కూడా తెలిసి తీరుతుందని మా చోడవరం సంఘం వాళ్ళ నమ్మకం. బస్టాండు దగ్గర నాది ఫోన్ల కొట్టు. అంచేత కోత పండగకని మైకు శబ్దాన్ని సరిచేసే డిజిటల్ సౌండ్ ప్రాసెసర్ కొనగానే అందరూ నా వంకే చూశారు. దానితో వచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లీషు. చదివినకొద్దీ బుర్ర వేడెక్కింది తప్ప ఒక్క ముక్క లోపలికి పోలేదు.

పండగ పాట మా అక్కది. గొంతులో గడ్డ తీశాక ఆవిడ మైకు పట్టడం అదే మొదలు. శనివారం సాయంత్రం ప్రాక్టీసుకి వస్తూ దారిలోనే తేల్చేసింది.

"ఒరే తమ్ముడూ, ఇయ్యాల గొంతు పలక్కపోతే రేపు పాడను. ఇంకెప్పుడూ పాడను."

ఉత్త బెదిరింపు కాదది. మా అక్క అన్నదంటే అన్నట్టే. నాకు భయం పట్టుకుంది.

ప్రాసెసర్ తెరమీద గొంతు బరువూ సన్నదనమూ సరిచేసే ఈక్వలైజర్ గీతలు పది. దేన్నయినా పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అక్క చేత ఓ ముక్క పాడిస్తూ జరిపి చూశాను. ఎడమవైపువి లేపితే అక్క డ్రమ్ములో కూర్చుని పాడుతున్నట్టు వినిపించింది. కుడివైపువి లేపితే స్పీకర్లు కుయ్యిమన్నాయి. మధ్యవి దించితే బొంగురు కాస్త తగ్గింది గానీ, ఆ గొంతు అక్కదో ఇంకెవరిదో తెలియలేదు. ఇదేం ఖర్మరా బాబూ అనుకున్నాను.

మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క కూర్చుంటారు. స్పీకరు కూడా పక్కకొకటి. తెరమీద 'స్టీరియో విడ్త్' అని ఒకటుంది. దాన్ని పెంచితే బొమ్మలో రెండు స్పీకర్లూ దూరం జరుగుతున్నాయి. ఆహా, రెండు పక్కలకీ పాట సమానంగా అందడానికే కాబోలు అనుకుని చివరిదాకా తిప్పేశాను. ఫోన్లోంచి మ్యూజిక్ ట్రాక్ పెట్టాను. అక్క అందుకుంది.

"బాబూ, మాకు తబలాయే ఇనిపిస్తన్నాది. అక్క పాటేదీ?" అంది ఆడవాళ్ళ చాపల మీంచి ఒకావిడ.

"ఇటేపు కీబోర్డే మోగుతంది," అన్నాడు మగవాళ్ళ వైపు నుంచి మా బావ.

అక్క నోరు కదులుతోంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. స్పీకర్లలో మాత్రం ఆవిడ ఉందో లేదో అన్నట్టుంది. మైకు మార్చాను, వైరు మార్చాను. అబ్బే!

అక్క మైకు కిందపెట్టేసింది.

"గొంతు పోయిందిరా. నాకు తెలస్తంది. రేపటికి ఇంకెవల్నైనా సూసుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ డబ్బా మీద. విడ్త్‌ని సున్నాకి లాగేశాను. పది గీతలూ చదును చేసి పారేశాను.

"ఒక్కసారి పాడక్కా. నీకు దండవెడతాను."

గొంతు వచ్చింది. రెండు పక్కలకీ వచ్చింది. మధ్యలో ఉండే గొంతుని ఆ విడ్త్ మింగేస్తుందని తరవాత ఎవరో చెప్పారు గానీ, నాకు ఇప్పటికీ సరిగ్గా బోధపడలేదు. వచ్చింది పాత గొంతు మాత్రం కాదు. పైకి పోయినప్పుడల్లా బొంగురుపోయి చీలిపోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ చెవిన అది పడకూడదని నా చెయ్యి మళ్ళీ గీతల మీదికి పోయింది.

"సెయ్యి తియ్యి," అంది అక్క, పాట ఆపి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఆపరేసన్ అయిన కాణ్ణించీ బాగుంది బాగుందనే సెప్తన్నారు మీరందరూ. నా గొంతు ఎలగుందో నన్నూ ఇననీరా. రేపు ఈ గొంతుతోనే గదా పాడాల."