లాణాకు పెట్టిన మూడో పేరు

జైసల్మేర్ ఎడారిలో ఒంటెలు మేపే రాయికా కులస్థుడు అణదారాం. వాళ్ల భాషలో లూణ్ అంటే ఉప్పు. చవిటినేలలో మొలిచి ఆకుల నిండా ఉప్పు దాచుకునే పొదకు ఆ ఉప్పు పేరు మీదుగానే లాణా అని పేరు పెట్టినవారు కాపరులు. దాన్ని కాల్చి, ఆ బూడిదను అప్పడాల పిండిలో కలిపేవారు ఖార్, అంటే క్షారం, అన్నారు. మూడో పేరు అణదా కళ్లెదుటే పుట్టింది.

గజ్జి తగిలిన మందను లాణా మీదికి తోలి, ఒంటికి ఉప్పు పట్టేదాకా నీళ్లకు దూరంగా ఉంచి, ఆ తర్వాతే చెరువుకు దింపడం రాయికాల వైద్యం. అణదా మందకు గజ్జి తగిలిన ఆ వేసవిలో మేతకూ చెరువుకూ మధ్య సౌర విద్యుత్ కంపెనీ కంచె లేచింది. తరతరాల ఉమ్మడి బీడును బంజరని రాసి కౌలుకిచ్చిన ప్రభుత్వం, అందులో నడిచేవారి దారి హక్కును విచారించనేలేదు.

"గేటు తీస్తావు కదా రావత్ హుకుం?" మేత మొదలుపెట్టకముందే అణదా కంపెనీ కాపలాదారును, అయ్యా అన్నట్టు హుకుం అని పిలుస్తూ, అడిగాడు.

"నీ ఒంటెలకు తోరణం కూడా కట్టిస్తాలే కాకా. తోలుకురా."

ఆ మాట నమ్మి మందకు లాణా మేపి, నీళ్లు పెట్టకుండా ఉంచాడు. తీరా వచ్చేసరికి గేటుకు కొత్త గొలుసు.

"పైవాళ్లు వద్దన్నారు కాకా. తాళంచెవి నా దగ్గర లేదు. కంచె చుట్టి పో, రేపటికి చేరతావు."

"పాలిచ్చేవి రేపటిదాకా నిలబడవు."

"తాళం పగలగొడితే నా ఉద్యోగమూ నిలబడదు."

అణదా మందను కంచె చుట్టి నడిపించాడు. అవతల నీళ్లు మెరుస్తుండగా, తల్లి ఒంటెలు ఒక్కొక్కటిగా కంచె పొడవునా కూలిపోయాయి.

కంపెనీ పిలిపించిన పశువైద్యుడు వచ్చాడు. "ఏం తిన్నాయి?"

"లాణా."

"అయితే విషపు మొక్క తిని చచ్చాయి."

"మా తాతల ఒంటెలూ ఇదే తిన్నాయి డాక్టర్ సాబ్. ఇవి నీళ్లు లేక చచ్చాయి."

"అది తేల్చడం నా పని కాదు."

అణదా ఒక రెమ్మ తుంచి, గుప్పెడు ఆకులు నమిలి మింగాడు. వైద్యుడు కంగారుగా తన సీసా మూత తీశాడు. "పిచ్చా నీకు? ముందు నీళ్లు తాగు."

"నేనూ అదే చెబుతున్నాను," అన్నాడు అణదా.

వైద్యుడు తలవంచుకుని విషపు మొక్క అనే రాశాడు. మరణానికి కంచె బాధ్యత లేదని ఆ నివేదికతో రుజువైంది. పశువుల రక్షణ కోసమంటూ మరుసటి వారమే యంత్రాలు వచ్చి కంచె బయటి లాణాను కూడా వేళ్లతో పెకలించాయి. గజ్జి మానని మిగిలిన ఒంటెలను వెంటబెట్టుకుని, అణదా ఆ బోడినేల మీద నిలబడ్డాడు.