వెంపలి అని తెలిసీ

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ వెనక ఇంకా పునాది తీయని స్థలం ఒకటుంది. రాళ్లు, గరుకు మట్టి, ఎండిన గడ్డి. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పొద్దున నడకలో అక్కడ కనిపించిన మొక్కల పేర్లు తేదీతో సహా రాసుకుంటాను. నిర్ధారణ కాని మొక్కకు పేరు రాయను.

కిందటేడు ఎండలు ముదరకముందు, కొత్త ఆకు దొరికితే నాకు చూపించి పేరడిగే, మా మెట్లు తుడిచే ఆమె అక్కడినుంచే ఒక మొక్కను వేళ్లతో సహా పీకి తెచ్చింది. ఆమె భర్త పక్క టవర్‌లో సెక్యూరిటీ గార్డు. తొమ్మిది రోజులుగా అతని కళ్లు పచ్చగా ఉన్నాయి, రెండు రోజులుగా అన్నం దిగడం లేదు. దవాఖానకు పోదామంటే రాడట. వెంపలి వేరు కషాయం తాగితే కామెర్లు పోతాయని పట్టుబట్టాడట. మొక్క అదేనని నేను చెప్తే చాలన్నాడట.

"టీచరమ్మా, ఇది ఎంపలే గద? జర చూసి చెప్పు."

చూశాను. ఈనెకు పదిహేను చిట్టి ఆకులు, ఊదా పూలు, కొద్దిగా వంగిన బల్లపరుపు కాయలు. కాయ విప్పి గింజలు లెక్కపెట్టాను, ఆరు. అనుమానం లేదు. అయినా ఇంకోసారి లెక్కపెట్టాను. ఔనంటే అతను ఇంట్లోనే పడుకుంటాడు.

"కాదమ్మా, ఇది నీలి మొక్క, చూడ్డానికి వెంపలిలాగే ఉంటుంది. తాగించకు. ఇవాళే దవాఖానకు తీసుకుపో."

ఆమె ఒక చిట్టి ఆకు తుంచి, రెండు కొసలూ పట్టి లాగింది. తెగిన చోట బాణం ఈకలా కోసుగా వచ్చింది. నీలి ఆకు అలా తెగదు. క్లాసులో ఏటా నేను చేసి చూపించిన పరీక్ష అదే.

"మా అవ్వ గిట్లనే చూసేది. నీకు తెల్వదా?"

"తెలుసు" అన్నాను.

 ఆమె మొక్కను చెత్తడబ్బాలో వేసి, సగం మెట్లు తుడవకుండానే వెళ్లిపోయింది. టీచరమ్మ కాదన్నదని భర్తకు తనే చెప్పి ఆటో ఎక్కించిందట. పద్నాలుగు రోజులు దవాఖానలో ఉంచుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడట.

ఇప్పుడతను మళ్లీ డ్యూటీకి వస్తున్నాడు. టీచరమ్మ నీలి మొక్కను గుర్తుపట్టబట్టే బతికానని అందరికీ చెప్తాడు. ఆమె పక్కనే ఉన్నా అతన్ని దిద్దదు, నేనూ దిద్దను. కానీ ఆమె ఏ కొత్త ఆకు కనిపించినా మునుపటిలా నా దగ్గరికి తీసుకురాదు.