రంపానికి సెలైన్

నా ఒంట్లో చదువుకున్న అవయవం ఏదైనా ఉందంటే అది ముక్కు ఒక్కటే. మిగతా శరీరమంతా ఎనిమిదో తరగతి దగ్గరే ఆగిపోయింది. లెక్కల మాస్టారు బోర్డు మీద రాసేది కళ్ళకు అందేది కాదు, ఆయన చెప్పేది చెవులకు ఎక్కేది కాదు. కాని ఆ పూట మాస్టారి క్యారియరులో ఏ చేప కూర ఉందో ముక్కు మాత్రం వెనక బెంచీ నుంచే చెప్పేసేది. ఇవాళ పలాసలో మోటారు విడిభాగాల దుకాణం పెట్టుకుని నాలుగు మెతుకులు తింటున్నానంటే అందులో సగం పెట్టుబడి ఆ ముక్కుదే. మొన్న మందస వైపు నుంచి ఒక రైతు చెట్లు కోసే మిషను రంపం తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. చైను బిగుసుకుపోయిందన్నాడు. చైనుకు నూనె పోసే చోట మూత తిప్పాను. లోపలికి ఇంకా తొంగి చూడనేలేదు, గొంతులో గీరుకునే ఘాటు వాసన ఒకటి పైకి లేచింది. జీడిపిక్కల తొక్కల్లోంచి తీసే నూనె.

"ఇదెవరు పొయ్యమన్నారయ్యా?" అన్నాను.

"ఎవులూ అన్నేదు. పడవలకి పూత్తారు కదేటి, దీనికీ మంచిదే అనుకున్నాను."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకముందే గున్నయ్య మావ గుర్తొచ్చాడు. ఇక ఆ పూట దుకాణంలో నేను కుదురుగా కూర్చోలేదు.

గున్నయ్య మావను మీరెవరూ చూసి ఉండరు. చూద్దామని వచ్చినా దొరికేవాడు కాదు, ఒకచోట ఉండే మనిషి కాదు. ఊరు భావనపాడు, పని పడవలు చెయ్యడం. చెవి మీద పెన్సిలు, భుజం మీద తువాలు, కాళ్ళ కింద ఎవరో నిప్పు పెట్టినట్టు నడక. టీ కూడా నడుస్తూనే తాగేవాడు. గ్లాసు తిరిగి తెచ్చుకోవడానికి టీ కొట్టువాడు ఆయన వెనకాల మనిషిని పంపేవాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. ఎందుకని అడిగితే, "మనం కూకుంటే బస్సు కూడా కూకుండిపోద్దిరా" అనేవాడు.

తొంభైల చివర వచ్చిన ఒక తుపాను ఉద్దానం తోటలను పడుకోబెట్టేసింది. గున్నయ్య మావ భార్య నీలమ్మత్తకు పుట్టింటి నుంచి వచ్చిన జీడితోట ఒకటి ఉండేది. ఆ తోటలో చెట్లన్నీ వేళ్ళు పైకి పెట్టుకుని పడిపోయాయి. రోడ్లకు అడ్డం పడిన చెట్లను తియ్యడానికి ఎక్కడి నుంచో మిషను రంపాలతో మనుషులొచ్చారు. రోడ్లవరకు శుభ్రం చేసి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ మొరాయించిన పాత రంపం ఒకటి పారేయబోతుంటే, గున్నయ్య మావ వాళ్ళ మేస్త్రీకి ఒక మంచం చేసిచ్చి దాన్ని తెచ్చుకున్నాడు.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. బస్సు క్లీనరుగా చేశాను, ఐసు ఫ్యాక్టరీలో చేశాను, జీడిపప్పు బట్టీలో చేశాను. ఎక్కడా ఒక పండగ నుంచి ఇంకో పండగ దాకా నిలవలేదు. ఆ రోజు హార్బరు దగ్గర టీ కొట్టులో కూర్చుని ఉంటే, ఎదురుగా ఇసుకలో గున్నయ్య మావ ఆ రంపం తాడు లాగుతున్నాడు. లాగినప్పుడల్లా అది నాలుగు దగ్గులు దగ్గి పడుకుంటోంది.

"మావా, ముందు దానికి దగ్గుమందు పట్టించు," అన్నాను. కొట్టులో అందరూ నవ్వారు.

ఆయన తలెత్తకుండానే, "నోరైతే ఒక్క లాగుడికే ఇస్టార్టయ్యింది నీది. సెయ్యి ఎలగుందో సూద్దాం, రా ఇలగ," అన్నాడు.

ఈసారి నన్ను చూసి నవ్వారు. లేచి వెళ్ళాను. సగం తాగిన టీ అక్కడే ఉండిపోయింది. నేను మావ దగ్గర పనిలో చేరడం అంటే అదే.

దగ్గు తగ్గించి దాన్ని నడిపించాం. తోటలో కొమ్మలన్నీ కోశాం, చిన్న మొద్దులు కోశాం. అప్పుడు చైనుకు పోసే నూనె అయిపోయింది. గున్నయ్య మావ పడవలు చేసే మనిషి కదా, ఆయన దృష్టిలో ఈ లోకంలో నూనె అంటే జీడి నూనె. పడవ చెక్కకు పూస్తే నీరు పట్టదు, పురుగు పట్టదు. చెక్కకు అంత మంచి చేసేది, చెక్కను కోసే రంపానికి ఎందుకు చెయ్యదని ఆయన వాదన. నాకది బాగానే తోచింది, ఆ మాటకొస్తే ఊరంతటికీ బాగానే తోచింది. పలాస బట్టీ నుంచి తెచ్చిన డబ్బా ఎత్తి పోశాడు. వేడెక్కగానే ఆ నూనె బంకై, బంక రాయై, చైనుకు నూనె అందించే చిన్న పంపును లోపలే పట్టేసింది. విప్పి చూస్తే చింతపిక్కంత పళ్ళచక్రం రెండు ముక్కలై ఉంది.

నీలమ్మత్త వచ్చి చూసింది. బావి పక్క నీడలో ఆవిడ కొత్త జీడి అంట్లు పెట్టి ఉంచింది, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో, వరసగా. ఒక సంచీ ఎత్తి అడుగు చూపించింది. తెల్లటి వేళ్ళు సంచీని చీల్చుకుని బయటికొచ్చాయి.

"ఇయి ఆగవు," అంది. "మృగశిర వానకి నాటకపోతే సచ్చిపోతాయి. తోటుంటేనే మన పెద్దోడు ఇక్కడుంటాడు. నేదంటే ఆడు గుజరాతు సేపల బోట్లకి కూలికి ఎల్లిపోతాడు. తర్వాత నువ్వు ఎన్ని పడవలు సేసినా ఆణ్ణి తేనేవు."

గున్నయ్య మావ విరిగిన చక్రాన్ని తువాలు కొసన కట్టుకుని బస్సుకు బయల్దేరాడు. వెనకాల నేను. పెద్ద మొద్దులు ఇంకా తోట నిండా పడి ఉన్నాయి. చేతి రంపంతో ఒక్కో మొద్దుకు రోజులు పట్టేవి, పైగా కోతకూలీలందరూ ఎవరి తోటల్లో వాళ్ళు తలమునకలుగా ఉన్నారు.

ఆ ఎండాకాలమంతా మేం ఒక చింతపిక్క కోసం తిరిగాం. పలాసలో ఉన్న ప్రతి దుకాణం ముందూ గున్నయ్య మావ తువాలు ముడి విప్పి, అరచేతిలో ఆ ముక్కలు పెట్టి చూపించేవాడు. వాళ్ళు లేదనేవారు. "నేదు, సరే. ఎక్కడుందో సెప్పు," అనేవాడు. అది అడగడం కాదు, నిలదీయడం. చెప్పేదాకా కదిలేవాడు కాదు. వెనక మనుషులు గుమిగూడేవారు. దుకాణదారు విసుక్కుని, వదిలించుకోవడానికైనా ఏదో ఒక ఊరి పేరు చెప్పేవాడు. మేం ఆ ఊరికి వెళ్ళేవాళ్ళం. చదువుకున్నట్టుండే ఒకాయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని వివరంగా చెప్పాడు.

"ఈ మోడల్ ఆగిపోయిందండీ. కంపెనీ వాళ్ళే తయారు చెయ్యడం మానేశారు."

"మోడలాగిపోతే మా మొద్దులు లెగిసి నడిసెల్లిపోతాయేటి బాబూ?"

బరంపురం వెళ్ళాం. అక్కడ పాత ఇనుము అమ్మే వీధిలో ఒడియాలో అడిగాడు. ఒడియాలో ఆయనకు వచ్చింది ఆ ఒక్క ప్రశ్నే: ఎక్కడుందో చెప్పు. జవాబు మాత్రం అర్థమయ్యేది కాదు, అయినా వాళ్ళు చెయ్యి చూపించిన వైపు వెళ్ళిపోయేవాడు. "మావా, వాడు మనల్ని బయటికి పొమ్మని చూపించాడేమో," అంటే, "అయితే బయట ఎతుకుదాం, పద," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి మబ్బు కోసం చూసేవాడు. మబ్బు లేకపోతే ఊపిరి పీల్చుకునేవాడు. ఎండకు అంత మొక్కిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక మిగిలింది టెక్కలి. అక్కడ వెల్డింగు షాపతను ఆ చక్రం ఇత్తడితో చేస్తానని, మూడుసార్లు చేసి, మూడుసార్లూ విరగ్గొట్టుకున్నాడు. మూడో చక్రం విరిగినప్పుడు గున్నయ్య మావ షాపు మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు. ముఖం చూస్తే సున్నం రంగులో ఉంది. ఎప్పటి నుంచో కాళ్ళు వాస్తున్నాయట, అన్నం సయించడం లేదట. తిరుగుడులో నాకు చెప్పలేదు, నేనూ గమనించలేదు. రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్షలు రాసి, కిడ్నీలన్నాడు. ఊరూరా ఆ జబ్బుతో పోయినవాళ్ళున్న ఉద్దానం మనుషులకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నీలమ్మత్తకు కబురు పంపాను.

మంచానికి పక్కన ఇనప కడ్డీ, దానికి సెలైన్ సీసా, చేతికి గొట్టం. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది నాకు.

"ఇన్నాళ్ళకి నిన్నొకచోట కట్టీసినారు మావా," అన్నాను.

"నోరు ముయ్యి. ఆ సుక్క సూడు."

చూశాను. చుక్క పడుతోంది.

"ఆ గొట్టానికి సిన్న సక్రముంది, సూసినావా? ఇలగ తిప్పితే బేగి పడతాది. అలగ తిప్పితే నిదానం." అంటూ నిజంగానే తిప్పేశాడు. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"తాతా! అది ముట్టకూడదు!"

"ముట్టనేదమ్మా, నేర్సుకుంటన్నాను," అన్నాడు. ఆ అమ్మాయి అటు తిరగ్గానే నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగాడు. "మోటారు నేదు. పంపు నేదు. పైనుంచి కిందకి కారతాది, అంతే. పలాసలో నేదు, బరంపురంలో నేదు అని ఊళ్ళట్టుకు తిరిగినాం కదరా. ఇదిగో, నా సేతికే ఉంది."

ఎదురుగా ఉన్న మందుల షాపుకు వెళ్ళి గొట్టం సెట్టు అడిగాను. పేషెంటు ఎవరన్నాడు. రంపమన్నాను. నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు.

ఆసుపత్రి నుంచి వదిలిన మర్నాడే మావ తోటలో ఉన్నాడు. పడుకోమని నీలమ్మత్త తిట్టని తిట్టు లేదు. ఖాళీ సెలైన్ సీసాలో ఈసారి ఇంజను నూనె పోశాం, అది చిక్కగా ఉండి గొట్టంలో దిగకపోతే కాస్త కిరసనాయిలు కలిపాం. గొట్టాన్ని రంపం పొడవునా తీగతో కట్టి, దాని మూతి చైను మొదట్లో పెట్టాం. రంపం ఎత్తే బలం ఆయన చేతుల్లో లేదు. అందుకని రంపం నా చేతికిచ్చి, సీసా ఆయన తీసుకున్నాడు. నేను కోస్తుంటే, పక్కన నిలబడి సీసా తలకంటే ఎత్తుగా పట్టుకుని, రెండో చేత్తో ఆ చిన్న చక్రం తిప్పుతూ ఉండేవాడు.

"మావా, పొగొస్తోంది!"

"సుక్క పెంచినాను, కొయ్యి! ఆగకు!"

దారిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి, "ఏటి, రంపానికి జొరమా?" అనేవారు. వెనకాల గోతులు తవ్వుతున్న నీలమ్మత్త గునపం దించకుండా, "నా మొగుడికీ దీనికీ ఒకటే వైద్యం," అనేది. మేం ఒక మొద్దు కోసి దొర్లిస్తే ఆవిడ ఆ చోటే గొయ్యి తీసేది. చివరికొచ్చేసరికి సముద్రం వైపు మబ్బు లేచింది. మావ చేతిలో సీసా ఊగుతోంది, చుక్క అటూ ఇటూ పడుతోంది. ఆపుదామన్నాను. వినలేదు. ఆఖరి పెద్ద మొద్దు సగం తెగేసరికి వాన దిగింది. ఆ మొద్దును అలాగే వదిలేసి, దాని చుట్టూ అంట్లు నాటారు. పెద్దోడు కూడా వచ్చి వానలో మట్టి ఎగదోశాడు. గుజరాతు మాట ఆ తర్వాత ఆ ఇంట్లో వినపడలేదు.

గున్నయ్య మావ ఇంకొన్నేళ్ళు ఉన్నాడు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి విశాఖపట్నం వెళ్ళొచ్చేవాడు, తోడుగా నేను వెళ్ళేవాణ్ణి. అప్పుడూ తువాలు కొసన ఆ విరిగిన చక్రం ఉండేది. ఆసుపత్రి పనయ్యాక, ఒంట్లో ఓపిక లేకపోయినా, పాత సామాన్ల వీధులన్నీ తిప్పించేవాడు. "తోట పనైపోయింది కదా, ఇంకా ఎందుకు మావా?" అంటే, "పనైపోనాది. ఎతకడం అవనేదు," అనేవాడు. ఒకసారి తిరుగు బస్సులో, కమ్మీ పట్టుకుని నిలబడే, నవ్వుతూ చెప్పాడు.

"డాట్రు కూడా అదే మాటన్నాడ్రా. ఈ మోడలు ఆగిపోయిందంట. లోపలి పార్టులు దొరకవంట."

"నువ్వేటన్నావు?" అన్నాను.

"ఏటంతాను? నేదు, సరే. ఎక్కడుందో సెప్పమన్నాను."

ఆ మరుసటి ఏడు తోట మొదటి పూత పూసే రోజుల్లో పోయాడు.

ఆయన పోయాకే నేను ఈ దుకాణం పెట్టాను. నా దగ్గరికొచ్చి ఏదైనా అడిగితే లేదని చెప్పి ఊరుకోను, ఊరుకోలేను. ఎక్కడుందో తెలిసేదాకా ఫోన్లు చేస్తాను, షట్టరు దించి బస్సెక్కేస్తాను. దుకాణదారుడు దుకాణంలో ఉండడని నాకు పలాసలో పేరు. మొన్నటి రైతు రంపం వేరే మోడలు, దాని పంపు నా దగ్గర లేదు. ఎక్కడుందో చెప్పాను. చెప్పి ఊరుకోలేక, ఆయనతో పాటు వెళ్ళాను కూడా.

మావ పోయిన కొన్నాళ్ళకు విశాఖపట్నంలో ఒక మూలగదిలో, బూజు పట్టిన పెట్టెలో, ఆ మోడలు పంపు దొరికింది. కొత్తది, కాగితం కూడా విప్పలేదు. అరచేతిలో పెట్టుకుని బస్సంతా నిలబడే వచ్చాను. దిగి నేరుగా తోటకు వెళ్ళాను. చెట్ల కింద నీలమ్మత్త పిక్కలు ఏరుతోంది.

"అత్తా, మావ ఓడిపోయినాడు, నాను గెలిసినాను. ఇదిగో, దొరికింది!" అన్నాను.

ఆవిడ పంపును అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితం మళ్ళీ చుట్టి నా జేబులో పెట్టింది.

"మీ మావకి సెప్పకురా. ఎల్లడానికి ఆయనకి ఇంకో ఊరు మిగల్దు."