ఏ వ్యక్తినైనా

తొమ్మిదో తరగతికి రాజ్యాంగం పాఠం వచ్చిందంటే గౌరీశంకరం మాస్టారు పుస్తకం మూసి బల్ల మీద పెట్టేసేవారు. పిల్లల్ని ఎనిమిది వందల ఏళ్ళ వెనక్కి, ఇంగ్లండులో ఒక నది ఒడ్డుకి తీసుకుపోయేవారు. అక్కడొక రాజు, ఆ రాజు మీద తిరగబడ్డ ప్రభువులు, వాళ్ళు పట్టుబట్టి ముద్ర వేయించుకున్న తోలుపత్రం. 'దేశపు చట్టం ప్రకారం తప్ప ఏ స్వతంత్రుణ్ణీ పట్టుకోరాదు, చెరలో పెట్టరాదు' అని అందులో ఒక మాట. ఆ మాట సముద్రం దాటి అమెరికా వెళ్ళడం, ఐర్లండు చేరడం, మనవాళ్ళు పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో రాసిన నివేదికలోకి రావడం, ఆ తర్వాత కరాచీ తీర్మానంలో మన హక్కుల జాబితా పెరగడం, అన్నీ ఊరి కబుర్లు చెప్పినట్టు చెప్పేవారు.

"అంతా అరువు సరుకేనన్నమాట మన రాజ్యాంగం," అని హెడ్మాస్టరు రఘురామ్ గారు స్టాఫ్ రూములో వేళాకోళం చేసేవారు. మాస్టారు నవ్వేసి ఊరుకునేవారు. తనకి జవాబు తెలియకే అలా నవ్వేస్తున్నారని మాస్టారికొక్కరికే తెలుసు.

అది తొంభై అయిదో సంవత్సరం, శ్రావణ మాసం. ఉప్పలగుప్తం అవతల ఉన్న ఆ ఊళ్ళో వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేసేశారు. ఏడాది తిరిగేసరికి బోర్లలో నీళ్ళు ఉప్పగా మారిపోయాయి. ఆడవాళ్ళు బిందెలతో వెళ్ళి చెరువులోకి ఉప్పునీళ్ళు తోడే ఇంజను ముందు కూర్చున్నారు. వాళ్ళ వెంట ఉన్న మగవాళ్ళలో, కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే అప్పలరాజునొక్కణ్ణే పోలీసులు పట్టుకుపోయారు.

మూడో రోజు పొద్దున అప్పలరాజు భార్య లోవమ్మ బడి వరండాలోకి వచ్చింది.

"మాస్టారండీ, మా ఆయన్ని ఒదల్లేదండి. కోర్టుకీ తీసుకెళ్ళలేదండి. అడిగితే పొమ్మంటన్నారు. పోలీసోళ్ళు మనిషిని ఊరికే ఉంచెయ్యకూడదని మీరు బళ్ళో చెప్పేరంట కదండీ?"

"ఆయ్, చెప్పేనమ్మా. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి."

"అందులో మాలాటోళ్ళం కూడా ఉన్నామాండీ?"

మాస్టారు ఎన్నేళ్ళుగానో చెబుతున్న పాఠమే, కానీ ఈ ప్రశ్న ఏ పిల్లవాడూ అడగలేదు. నది ఒడ్డున రాసిన ఆ మొదటి పత్రంలో స్వతంత్రులే ఉన్నారు. ప్రభువుల పొలాలు దున్నే బానిసరైతు అందులో లేడు. చేతులు మారుతూ మారుతూ మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట 'ఏ వ్యక్తినైనా' అయింది.

"ఉన్నావమ్మా," అన్నారాయన. "ఆ మాట ఇక్కడికొచ్చేకే మీరందరూ అందులోకి వచ్చేరు."

చెప్పడమైతే చెప్పారు గానీ ఆయన జన్మలో పోలీస్ స్టేషన్ గడప తొక్కలేదు. ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి, అమలాపురంలో ప్లీడరు చేస్తున్న తన పాత విద్యార్థిని నాగవల్లికి ఫోను చేశారు. "మేజిస్ట్రేటు గారికి నేను అర్జీ పెడతానండి. మీరు స్టేషనుకి వెళ్ళి ఒకసారి అడగండి, అడిగినట్టు నలుగురికీ తెలియాలి," అందామె.

కండువా కోసం ఇంటికి వచ్చారు. ఆయన తండ్రి ఘనపాఠీ. ఎనభై దాటినా అరుగు మీద కూర్చుని వేదం వల్లె వేసుకుంటూనే ఉంటారు. కొడుకు మొహం చూసి సంగతి అడిగారు. మాస్టారు చెప్పి, "అరువు తెచ్చుకున్న మాటలు నాన్నగారూ. నా నోట్లో నిలుస్తాయో లేదో," అన్నారు.

"నేను వల్లించేవి నేను చేసేనేంట్రా? మా నాన్న నోట విన్నాను, ఆయన వాళ్ళ నాన్న నోట విన్నాడు. పలికిన వాడివే మాటలు," అన్నారాయన. "మా వేద పనసలు అందర్నీ విననివ్వలేదు. నీ పుస్తకం అందర్నీ రానిచ్చింది కదా, వెళ్ళు."

స్టేషనులో ఎస్ఐ కుర్చీ చూపించాడు. "ఏంటండీ మాస్టారూ, మీరిలా వచ్చేరు?"

"అప్పలరాజు గురించండి."

"అబ్బే, అరెస్టేం చెయ్యలేదండీ. మాట్లాడ్డానికి పిలిచేం, అంతే."

మాస్టారి గొంతు తరగతిలో లాగే వచ్చింది.

"మాట్లాడ్డం అయిపోతే ఇంటికి పంపించేయండి. అవకపోతే కోర్టుకి తీసుకెళ్ళండి. ఈ రెంటికీ మధ్యన మూడోది రాజ్యాంగంలో లేదండి. అమలాపురంలో నాగవల్లి గారు అర్జీ కూడా పెడుతున్నారు."

గుమ్మం బయట లోవమ్మా, బిందెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళూ నిలబడి వింటున్నారు. ఎస్ఐ వాళ్ళ వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు. ఫోను ఎత్తి, ఏమనుకున్నాడో మళ్ళీ పెట్టేశాడు. "జీపు తియ్యండి," అని కేకేశాడు.

మధ్యాహ్నం కోర్టులో మేజిస్ట్రేటు గారు అప్పలరాజుని, "నిన్నెప్పుడు తీసుకొచ్చారు?" అని అడిగారు. ఇన్నాళ్ళూ తనని తిట్టడమే గానీ ఎవరూ ఏమీ అడగకపోవడంతో, అడిగింది తననేనా అని అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆయన మళ్ళీ నెమ్మదిగా అడిగారు. అప్పుడు చెప్పాడు. ఆయన రాసుకున్నారు, ఎస్ఐని సంజాయిషీ అడిగారు, జామీను ఇచ్చారు. తిరుగు బస్సులో అప్పలరాజు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో దిగాక, "నేను చెప్పింది ఆయన రాసుకున్నారండీ," అన్నాడు మాస్టారితో.

కేసు రెండేళ్ళు నడిచాక కొట్టేశారు. ఈలోగా రొయ్యలకి తెగులు తగిలి చెరువులు చాలామటుకు ఎండిపోయాయి. బోర్లలో నీళ్ళు మళ్ళీ తియ్యగా మారడానికి ఇంకా కొన్ని వానాకాలాలు పట్టాయి. రెండువేల ఒకటిలో లోవమ్మ పంచాయతీ వార్డు మెంబరుగా గెలిచింది. మొదటి సమావేశంలోనే మంచినీళ్ళ పైపు గురించి అడిగి, జవాబొచ్చేదాకా కూర్చోలేదు.

మాస్టారు రిటైరయ్యాక ఆదివారాలు కాట్రేనికోన, అంతర్వేది వైపు ఎవరు పిలిచినా హక్కుల గురించి చెప్పడానికి వెళ్ళేవారు. రెండువేల అయిదులో సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు నాగవల్లి దాని ప్రతి తెచ్చి ఇచ్చింది. కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచీ చివరిదాకా చదివారు. మర్నాడే ఆ ప్రతి పట్టుకుని అంతర్వేది బస్సెక్కారు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్న పోలమ్మ అనే ఆవిడ, "మరి దీంతో ఏటి అడగొచ్చండీ?" అంది.

"ముందు నువ్వేం అడగాలనుకుంటున్నావో చెప్పమ్మా," అంటూ మాస్టారు ఆ ఇసకలోనే చతికిలబడ్డారు.