నూతిలో మందు

వాన వెలిసిన పొద్దున అమలాపురంలో మా మేడ కింద మునిసిపాలిటీ మనిషి మురుక్కాలవ పొడుగునా తెల్లపొడి జల్లుకుంటూ పోతాడు. ఇరుగూపొరుగూ ముక్కులు మూసుకుని కిటికీలు వేసేసుకుంటారు. నేను తీసి పెట్టుకుంటాను. అందరికీ అది బ్లీచింగు కంపు, నాకు మా నాన్నగారి చొక్కా వాసన.

నలభైల చివర్లోనూ, యాభైల్లోనూ ఆయన కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళకి హెల్త్ ఇన్‌స్పెక్టరు. పేరు పెద్దదే గానీ ఆయన బలగమంతా కలిపి ఒక సైకిలు, ఒక డబ్బా పొడి, ఆ డబ్బా మోసే ఒక బంట్రోతు. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, బట్టలు మార్చుకుని, అప్పుడు గానీ మమ్మల్ని ముట్టుకునేవారు కాదు. ముట్టుకున్నాక ఇక వదిలేవారు కాదు: ముగ్గురు ఆడపిల్లల్నీ వరసగా అరుగు మీద కూర్చోబెట్టుకుని గోళ్ళు తీసి, తలకి కొబ్బరినూనె పట్టించి, నూతిచేద తాడు పేనినంత బిగువుగా జడలు వేసేవారు. ఆ జడలతో మాకు రెండురోజులు కళ్ళు సరిగ్గా మూతపడేవి కావు. మగాడు జడలెయ్యడమేమిటని వీధిలో నవ్వుకునేవారు. ఆయనకి పట్టేది కాదు.

వేసవిలో కాలవలు కట్టేసేవారు. అడుగున మిగిలిన మడుగుల్లో కాళ్ళు కడుక్కుంటూ, కొబ్బరాకు బూరలు ఊదుకుంటూ, ముంజలు జుర్రి ఆ కాయలతోనే బండి చక్రాలు చేసుకుంటూ, అమ్మ ఆవకాయ జాడీకెత్తాక పళ్ళెంలో మిగిలిన గుండకి వేడన్నం కలిపి పెట్టే ముద్దల కోసం కొట్టుకుంటూ ఆ రెండు నెలలూ గడిపేవాళ్ళం. మృగశిర వస్తూనే లాకులెత్తేవారు. ఎర్రటి కొత్తనీరు గడ్డీగాదం తోసుకుంటూ వస్తుంటే దాంతోపాటు గట్టు వెంబడే పరుగెత్తేవాళ్ళం. నాన్నగారి తల్లి, మా మామ్మ, గోదారితల్లి వచ్చిందని పువ్వేసి దణ్ణం పెట్టుకునేది. నాన్నగారి మొహం మాత్రం ఆ రోజు నుంచీ చిన్నబోయేది. ఆ నీటి వెనకాలే కలరా వచ్చేది.

ఆయన పని ఊరూరా నూతుల్లో మందు వెయ్యడం. బకెట్లో పొడి కలిపి, తేరాక ఆ తేట నూతిలోకి దింపి, నాలుగుసార్లు ముంచి లేపాలి. అంతే పని. ఆ బకెట్టు నూతిగట్టు దాకా వెళ్ళనిస్తే కదా! అమ్మవారికి కోపమొస్తుందనేవారు, నీళ్ళు కంపు కొడతాయనేవారు. ఏమీ తోచనివాళ్ళు, "ముందు మీ ఇంటి నూతిలో వేసుకుని రండి బాబూ," అనేవారు. అక్కడ నాన్నగారు బకెట్టు ఎత్తుకుని వెనక్కి తిరిగేవారు. ఎందుకంటే మా ఇంటి నూతిలో మందు లేదు. మామ్మ పడనివ్వలేదు. ఎవరు చేశారో, ఏ చేత్తో ముట్టుకున్నారో తెలియని పొడి తన మడినీళ్ళలో పడితే తాను ఉపవాసమేనంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆయన ఇంట్లోనే ఓడిపోయారు. కలరా రోజుల్లో పొద్దున్నే మామ్మ మొహంలోకి చూసి, కళ్ళేమైనా లోతుకి పోయాయా అని వెతుక్కుని, అప్పుడు సైకిలెక్కేవారు. తల్లి అలా పోతుందేమోనని ఆయనకి నిజంగా భయం.

ఒక ఏడు ఏమైందో, గోదారి మధ్య లంక ఊళ్ళల్లో కూడా నూతులకి మందు పడ్డం మొదలైంది. ఏం మంత్రం వేశారో మాకెవరికీ తెలియదు.

ఆ ఏడు వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం, లంకనుంచి ఒక రైతు అరటిగెల భుజానేసుకుని మా ఇంటికొచ్చాడు. అరుగు మీద మామ్మా, పక్కన నేనూ.

"ఇన్‌స్పెక్టరుగారి ఇల్లు ఇదేనాండీ? మా పక్కలంకలో పదిమంది పోయేరండీ. మా ఊళ్ళో ఒక్కళ్ళూ పోలేదండీ, అంతా బాబుగారి చలవ. పాపం, వారి అమ్మగారు నూతిలో మందెయ్యనివ్వక, కిందటి ఆషాఢంలో కలరాతో పోయేరట కదండీ. ఆ మాట చెప్పి ఆయన కళ్ళనీళ్ళెట్టుకుంటే ఇంక కాదన్లేకపోయేమండీ."

నేను నోరు తెరవబోయాను. మామ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"అవును నాయనా, పోయింది. నేను దాని అక్కని," అంది. అతనికి మజ్జిగ ఇప్పించి పంపించింది.

నాన్నగారు వచ్చి చేతులు కడుక్కుంటుండగా మామ్మ పెరట్లోకి వెళ్ళింది.

"ఏరా, నన్ను చంపేవుటగా? చంపితే చంపేవు, కలరాతో ఏమిట్రా? ఏ ఏకాదశి నాడో పూజ చేసుకుంటూ పోయిందని చెప్పకూడదూ?"

"అలా చెబితే మందెవరు వెయ్యనిస్తారే అమ్మా?" అన్నారాయన తల ఎత్తకుండా. మోచేతులు తోముకుంటూనే, "రోజూ భయపడే మాటే పైకన్నాను," అన్నారు.

మామ్మ నూతి వైపు తిరిగింది. "రేపు మన నూతిలోనూ వెయ్యి. చచ్చినదానికి మడేమిటి?" అంది.

మర్నాటి నుంచి ముక్కు చిట్లించుకుంటూ ఆ నీళ్ళే తాగింది. దేవుడి అభిషేకానికి మాత్రం కొబ్బరినీళ్ళే. ఆయన ఇంకా చావలేదుగా అనేది.

మరో అయిదారేళ్ళకి చలికాలంలో, నాలుగురోజుల జ్వరంతో మామ్మ నిజంగానే పోయింది. ద్వాదశి నాడు. ఒక్కరోజు తేడాలో ఏకాదశి తప్పిపోయింది. ఆ తరవాతి జూన్‌లో నాన్నగారు ఒక కొత్త ఊరికి వెళ్ళి, డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చారు. ఏమైందని అమ్మ అడిగితే, "మా అమ్మ పోయిందండీ అనడానికి నోరు పెగల్లేదే," అని అరుగు మీద కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ తరవాత ఆ మాట బంట్రోతు చెప్పేవాడు. ఈయన సైకిలు పట్టుకుని దూరంగా నిలబడేవారుట.

ఇప్పుడు నూతులు లేవు. కొన్ని పూడ్చేశారు, కొన్నింటి మీద ఇనపపలకలు పరిచి మోటార్లు పెట్టారు. నీళ్ళు టిన్నుల్లో వస్తాయి, అందులో ఏం కలిపారని అడిగేవాళ్ళే లేరు. నెల కిందట ఒక పెళ్ళికి లంకలోకి వెళితే, నేనెవరి కూతుర్నో విని నా ఈడు పెద్దాయన ఒకాయన కర్ర ఊతం చేసుకుని లేచి వచ్చాడు.

"మా నూతిలో మందేసింది మీ నాన్నగారేనండీ. మేం ఏడుగురం పిల్లలం, ఏడుగురమూ బతికేం. పాపం, మీ మామ్మగారే కలరాతో పోయేరటగా అండీ?"

"ఆయ్, అవునండీ," అన్నాను. "ఆషాఢంలో."