నా ఒక్కపూట బేస్‌బాల్ ఉద్యోగం

ఆ ఏళ్లలో కెనడాలోని హామిల్టన్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా నలుగురు తెలుగు పిల్లలు బయటికొచ్చేవారు. అందరికీ కాలేజీ సీటు దొరికింది, పార్ట్‌టైమ్ జాబ్ మాత్రం దొరకలేదు. మూడో తరగతితో మావాళ్లు బడి మాన్పించేసిన నాకేమో, అరవై రెండో ఏట, అడక్కుండానే మొదటి ఉద్యోగం దొరికింది. బేస్‌బాల్ ఆడే ఉద్యోగం! (నవ్వండి. మా అమ్మాయి ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.)

మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే పాలమూరు పిల్ల విద్యార్థుల జట్టుకు కెప్టెన్. ఇండియన్ గ్రోసరీ షాపాయన ఆ జట్టును పోషిస్తూ, ఆడినవాళ్లకు తలా ఒక బియ్యం బస్తా ఇచ్చేవాడు. ఆ ఆదివారం ఆటలో ఓడకుండా ఉంటే కెప్టెన్‌కు షాపులో జాబ్ ఇస్తానని కూడా అన్నాడు. మూడు నెలలుగా రెజ్యూమేలు పంచి పంచి చెప్పులరిగిన పిల్ల అది. తీరా ఆట మొదలయ్యే ముందు జట్టులో ఒకడికి వేర్‌హౌస్ నుంచి ఫోనొచ్చింది. షిఫ్టు దొరికిందంటే పెళ్లిపీటల మీంచి అయినా లేచిపోయే రోజులవి; వాడూ పోయాడు. తొమ్మిదో మనిషి లేకపోతే ఆడకుండానే ఓడినట్టట. టీ ఫ్లాస్కుతో బెంచీ మీద కూర్చున్న నా మీద పడింది ఆ పిల్ల చూపు.

"అమ్మమ్మా, నువ్వు ఊకె నిలవడు, చాలు. ఏం జెయ్యకు!"

"ఊరికే నిలబడితే బస్తా ఇస్తాడా?"

"ఇస్తడు!"

చీర మీద జట్టు చొక్కా తొడిగేశాను.

చివరికి ఒక్క పరుగు వెనకబడ్డాం. కొట్టడానికి మిగిలింది నేనొక్కదాన్నే. కర్రతో కందికట్టెను బాది గింజలు రాల్చిన చేతులు నావి. కళ్లు మూసుకుని ఒక్కటి వేశాను. బంతి కంచె దాటి పొదల్లో పడింది. "రన్, మేడమ్, రన్!" అని అరిచాడు అంపైర్. నాలుగు మూలలూ తాకి వస్తే చాలు, ఆట సమానం, పిల్లకు ఉద్యోగం. మొదటి మూల దాకా బాగానే పరిగెత్తాను. అక్కడ నిలబడి చూద్దును గదా, బంతి కోసం ఒక్కరూ కదలడం లేదు. కొత్త బంతి! ఎవరి సొమ్మనుకున్నారో! మిగతా మూలలు వదిలేసి, కంచె గేటు తీసుకుని పొదల్లోకి నడిచాను.

"అమ్మమ్మా! గటు కాదు, ఇటు ఉరుకు!"

"ఉండవే, బంతి పోతుంది!"

బంతితో తిరిగొచ్చేసరికి (ఇంకో రెండు పాతవి కూడా దొరికాయి) మూలల దారి వదిలి పోయినందుకు నేను ఔట్, ఆట పోయింది. ఆ పిల్ల నేల మీద కూలబడి ఉంది. నవ్వుతోందేమో అనుకున్నాను. దగ్గరికెళ్తే కాదని తెలిసింది.

నేరుగా షాపాయన దగ్గరికెళ్లాను. "ఓడించింది నేను. శిక్ష దానికెందుకు? నా బస్తా మీరే ఉంచుకోండి, దానికి జాబ్ ఇవ్వండి."

"అదేంటి ఆంటీ, నిన్న కరివేపాకు కట్టకి అరగంట బేరమాడారు!"

"ఇస్తారా, ఇవ్వరా?"

"సోమవారం రమ్మనండి," అన్నాడాయన నవ్వాపుకుంటూ. "మీరు మాత్రం ఇక ఆడొద్దు." అలా ఒక్క నిమిషంలో దానికి ఉద్యోగం వచ్చింది, నాది పోయింది.

ఇప్పుడు మెట్లు దిగాలంటే రెండు మోకాళ్లనూ విడివిడిగా బతిమాలుకోవాలి. అప్పుడప్పుడూ ఆ రోజు తీసిన ఫోటో చూస్తుంటాను. జట్టంతా ఇకిలిస్తుంటే మధ్యలో మూతి బిగించుకుని నేను. కాస్త నవ్వితే ఏం ఖర్చయిపోయేదట ఆ మనిషికి? ఆవిడ బదులు ఇప్పుడు నేనే నవ్వుతున్నాను.